అబ్బాయికి 16 ఏళ్లు, కింది దవడ ముందుకు వస్తోంది. క్లిప్పులు ఇప్పుడే వేయించాలా, ఆపరేషన్ దాకా ఆగాలా?

నాగావళి_గట్టు · జూన్ 3
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. మా అబ్బాయికి ఏప్రిల్‌లో 16 నిండాయి, ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరంలోకి వచ్చాడు. చిన్నప్పుడు బాగానే ఉండేవాడు. తొమ్మిదో తరగతి నుంచి కింది దవడ ముందుకు రావడం మొదలైంది. ఇప్పుడు నోరు మూస్తే కింది పళ్లు పై పళ్లను దాటి ముందుంటాయి. దోసె ముక్కను ముందు పళ్లతో కొరకలేడు, పక్కకు పెట్టుకుని లాగుతాడు. ఫొటో అంటే చాలు, చెయ్యి గడ్డం మీదికి వెళ్లిపోతుంది. మా మావగారిదీ ఇదే గడ్డం.

ఊళ్లో చూపిస్తే డాక్టరు గారు "కింద రెండు పళ్లు తీసి క్లిప్పులు వేద్దాం, ఏడాదిన్నరలో సరిపోతుంది, ఆపరేషన్ అక్కర్లేదు" అన్నారు. అడ్వాన్సు కట్టి వెళ్లమన్నారు. వైజాగ్‌లో ఇంకొకరికి చూపిస్తే "ఇప్పుడు పన్ను ముట్టుకోకండి, ఎదుగుదల ఆగాక చూద్దాం, ఆపరేషన్ పడొచ్చు" అన్నారు. ఒకరు బేగి రమ్మంటారు, ఒకరు ఆగమంటారు. మా అత్తగారేమో "మగగుంటడికి గడ్డం ఎలాగుంటే ఏటి, వదిలీండి" అంటున్నారు. వాడికి మాత్రం ఇంజినీరింగ్‌లో చేరేలోపు అంతా అయిపోవాలి. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడులాంతర్లు · జూన్ 3
అక్కా, అడ్వాన్సు కట్టకండి. కట్టేసి ఉంటే పళ్లు మాత్రం తీయించకండి. ముందు నా సంగతి వినండి.

మాది విజయనగరం. నాకు 15 ఏళ్లప్పుడు అచ్చం మీవాడి పరిస్థితే. కింద అటొక పన్ను ఇటొక పన్ను తీసి, ముందు పళ్లను క్లిప్పులతో వెనక్కి లాగారు. 17కి పళ్లు భలే కుదిరాయి. క్లిప్పులు తీసిన రోజు మా అమ్మ బూరెలు వండింది. కాలేజీ ఫొటోల్లో నేను నవ్వింది ఆ ఏడాదే.

తర్వాత నేను ఇంకో రెండంగుళాలు పొడుగు పెరిగాను. దవడ కూడా ఊరుకోలేదు. 18కి పై పళ్లూ కింది పళ్లూ అంచుకి అంచు తగిలాయి. 20కి మళ్లీ కిందివే ముందు. క్లిప్పులు తీశాక పళ్లు కదలకుండా పెట్టుకునే రిటైనర్ సరిగ్గా పెట్టుకోలేదేమోనని మా నాన్న నన్నే తిట్టారు. తప్పు రిటైనర్‌ది కాదు, ఎముకది.

ఇప్పుడు నాకు 31. ఆపరేషన్ చేయించుకుందామని వెళ్తే, ముందు పాత పనిని విప్పాలన్నారు. దవడను వెనక్కి జరపాలంటే కింది ముందు పళ్లకూ పై పళ్లకూ మధ్య ఆ మేరకు ఎడం ఉండాలి కదా. నా పళ్లను వెనక్కి లాగేసి ఆ ఎడాన్ని ఎప్పుడో తినేశారు. అందుకని 15 ఏళ్లప్పుడు తీసిన పళ్ల సందులను మళ్లీ తెరిచి, ముందు పళ్లను ముందుకు నెట్టి, అప్పుడు ఆపరేషన్. ఆ సందుల్లో తర్వాత కట్టుడు పళ్లు. ఒకే నోటికి రెండుసార్లు ఖర్చు.

ఉద్దానం_కొబ్బరి · జూన్ 3
ఒకరికి జరిగిందని అందరికీ జరగదు తమ్ముడూ. పుట్టిన మొహాన్ని కోసి, ఎముక విరిచి, మేకులు కొట్టుకోవడం ఏం ఖర్మ? మా కవిటి వైపు అలాంటి గడ్డాలు ఎన్నో ఉన్నాయి. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. అత్తగారి మాటే నయం.

మూడులాంతర్లు · జూన్ 3
పెళ్లి నాకూ అయింది అన్నా. మటన్ ముక్క నమలలేకపోవడం పెళ్లితో పోలేదు.

పీజీ_పిల్లోడు · జూన్ 4
నేను ఆర్థోడాంటిక్స్‌లో, అంటే క్లిప్పులతో పళ్ల వరస సరిచేసే వైద్యంలో, పీజీ చేస్తున్నాను. కాలేజీ ఎక్కడని అడగొద్దు. చూడకుండా చికిత్స చెప్పకూడదు కాబట్టి మీవాడికి ఫలానాది చేయండి అనను. డాక్టర్లిద్దరి మాటలూ ఎందుకు కలవలేదో మాత్రం చెప్తాను.

దవడ ముందుకొచ్చిన మనిషిలో పళ్లు ఊరికే ఉండవు, తమంతట తామే సర్దుకుంటాయి. కింది పళ్లు నాలుక వైపు వాలతాయి, పైవి పెదవి వైపు వాలతాయి. ఎముకల మధ్య తేడా 10 మిల్లీమీటర్లు ఉన్నా పళ్ల దగ్గర చూస్తే మూడు నాలుగే కనిపించవచ్చు. ఆపరేషన్ లేకుండా క్లిప్పులతోనే సరిచేయడమంటే ఈ వాలుడును ఇంకా పెంచి ఎముక తేడాను దాచడం. మేం కామఫ్లాజ్ అంటాం. తేడా తక్కువగా ఉండి, ఎదుగుదల ఆగిపోయినవాళ్లకు అది మంచి వైద్యమే, దాన్ని చిన్నచూపు చూడకండి.

ఆపరేషన్ కోసం వేసే క్లిప్పులు దీనికి సరిగ్గా తలకిందులు. వాలిన పళ్లను నిలబెడతాం, అంటే కిందివి ముందుకు, పైవి వెనక్కి. అందుకోసం కొందరికి పై పళ్లు రెండు తీయాల్సి వస్తుంది. దాచే దారిలో తీసేవి కింది పళ్లు, ఆపరేషన్ దారిలో తీస్తే పై పళ్లు. తీసిన పన్ను మళ్లీ రాదు. అందుకే ఏ దారిలో వెళ్తామన్నది క్లిప్పు అంటించక ముందే తేలాలి. క్లిప్పులతో చూద్దాం, కుదరకపోతే ఆపరేషన్‌కు వెళ్దాం అనే మాట వినడానికి బాగుంటుంది. కుదరకపోతే ఏమవుతుందో పైన అన్న రాశారు కదా.

వయసు సంగతి. ముఖంలో అన్నిటికంటే చివర పెరగడం ఆపేది కింది దవడ. సాధారణంగా ఆడపిల్లల్లో 16, 17కి దాదాపు ఆగుతుంది. మగపిల్లల్లో 18 నుంచి 21 దాకా సాగుతుంది, మీవాడిలాంటి దవడైతే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. కాబట్టి పుట్టినరోజు చూసి ఆపరేషన్ చేయరు. మొహం పక్క నుంచి తీసే సెఫలోగ్రామ్ అని ఒక ఎక్స్‌రే ఉంటుంది. ఇప్పుడొకటి, ఆరు నెలలకో ఏడాదికో ఇంకొకటి తీసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కొలుస్తారు. తేడా రాకపోతే ఎదుగుదల ఆగినట్టు. ఒక్క ఎక్స్‌రే చూసి ఆగిందని ఎవరూ చెప్పలేరు. చేతి ఎముకల ఎక్స్‌రే ఒంటి ఎదుగుదల చెప్తుంది కానీ దవడ దానికంటే వెనక నడుస్తుంది.

నాగావళి_గట్టు · జూన్ 4
మూడుసార్లు చదివాను బాబూ. మొదటి డాక్టరు గారు పక్క ఎక్స్‌రే తీయలేదు, పళ్లన్నీ ఒకేసారి కనిపించేది ఒకటి తీశారు. వీడి ప్యాంట్లు మాత్రం ఈ ఏడాదిలోనే రెండుసార్లు పొట్టయ్యాయి. అంటే ఇంకా పెరుగుతున్నట్టే కదా?

పీజీ_పిల్లోడు · జూన్ 4
మీరు చూసింది ఓపీజీ. అది పళ్లకు పనికొస్తుంది, దవడల తేడా కొలవడానికి చాలదు. ప్యాంటు పొట్టవుతున్నంత కాలం దవడ ఆగిందని నేనైతే నమ్మను. గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి మూడు నెలలకోసారి ఎత్తు కొలవండి. పైసా ఖర్చు లేని పరీక్ష.

బొబ్బిలి_వీణ · జూన్ 5
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకు ఎనిమిదేళ్లు. ముందు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి, కిందివి ముందుకు, పైవి లోపలికి ఉన్నాయి. ఇది చదివాక మేమూ 18 దాకా ఆగాలా అని భయమేస్తోంది.

పీజీ_పిల్లోడు · జూన్ 5
ఆగకండి అమ్మా! మీది తలకిందుల కేసు. కింది దవడ పెరిగిందని అందరం అనుకుంటాం గానీ చాలామంది పిల్లల్లో పై దవడ వెనకబడి ఉంటుంది. ఎనిమిది, పదేళ్ల వయసులో పై దవడ అతుకులు ఇంకా గట్టిపడవు. నుదుటికీ గడ్డానికీ ఆనుకునే ఒక చట్రం పెట్టి, రబ్బరు బ్యాండ్లతో పై దవడను ముందుకు లాగవచ్చు. ఫేస్‌మాస్క్ అంటారు. రోజుకు 12, 14 గంటలు పెట్టుకోవాలి. బడికి పెట్టుకెళ్లనక్కర్లేదు, ఇంటికొచ్చాక మొదలుపెడితే రాత్రంతా ఉంటుంది. 11, 12 దాటాక దాని ఫలితం తగ్గిపోతుంది. ఈ సెలవుల్లోనే చూపించండి. పెద్దయ్యాక ఆపరేషన్ అవసరం ఎప్పటికీ రాదని హామీ మాత్రం ఇవ్వలేం, వయసొచ్చాక కింది దవడ ఎంత పెరుగుతుందో ముందే తెలియదు.

రాజాం_ఎక్స్‌ప్రెస్ · జూన్ 5
మరి కింది దవడ వెనక్కి ఉన్నవాళ్ల సంగతి? మా తమ్ముడికి 12, పై పళ్లు ఎత్తు, గడ్డం లోపలికి.

పీజీ_పిల్లోడు · జూన్ 5
వాడికి ఇదే అదను. ఎదుగుదల ఊపులో ఉన్నప్పుడు కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరాలు ఉన్నాయి, ట్విన్ బ్లాక్ లాంటివి. మీసం బాగా వచ్చేశాక వెళ్తే ఆ అవకాశం పోయినట్టే. వివరంగా అడగాలంటే వేరే చర్చ పెట్టండి, ఇక్కడ అక్కయ్య గారి ప్రశ్న కలిసిపోతుంది.

సిరిమాను_చెల్లి · జూన్ 7
నేను ఆపరేషన్ చేయించుకున్నదాన్ని. విజయనగరం, ఇప్పుడు 27 ఏళ్లు. 22కి క్లిప్పులు వేశారు, 24కి ఆపరేషన్, 25కి క్లిప్పులు తీశారు. కొంచెం పెద్దదే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆపరేషన్ గురించి అందరూ భయపెడతారు. దానికి ముందు ఏడాదిన్నర గురించి ఎవరూ చెప్పరు. పైన తమ్ముడు రాసినట్టు క్లిప్పులు పళ్లను నిలబెట్టేకొద్దీ దాక్కున్న తేడా అంతా బయటపడుతుంది. నెలనెలా అద్దంలో మొహం బాగుపడాలి కదా, నాది నెలనెలా ఇంకా వికారమైంది. మూడు మిల్లీమీటర్ల ఎడం తొమ్మిదైంది. అన్నం నమలడం మరీ కష్టమైంది. మా పెద్దమ్మ "డబ్బులిచ్చి చెడగొట్టుకుంటున్నారేటి" అని మొహం మీదే అంది. సరిగ్గా ఆ ఏడాదే సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఒక సంబంధం వాళ్లు ఫొటో చూసి మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఆ ఏడాది పెళ్లిచూపులు ఆపమని నాన్నని నేనే అడిగాను. అడగడానికి నాకు పట్టింది ఎనిమిది నెలలు.

నాగావళి అక్కా, మీవాడికి ముందే చెప్పాల్సింది ఇదే. ఏ రెండేళ్లను వాడు మొహం దాచుకుని గడపకూడదని తొందరపడుతున్నాడో, ఆపరేషన్ క్లిప్పులు వేస్తే ఆ రెండేళ్లలోనే అది మరీ ఎక్కువ కనిపిస్తుంది.

ఆపరేషన్ వైజాగ్‌లో. దానికి ఆరు నెలల ముందే కింది జ్ఞానదంతాలు రెండూ తీసేశారు, దవడను చీల్చే చోటే అవి ఉంటాయట. కోతలన్నీ నోటి లోపలే, బయట ఒక్క మచ్చ లేదు. నాకు రెండు దవడలూ జరిపారు, పైది కొంచెం ముందుకు, కిందిది వెనక్కి. కిందిదాన్నే మొత్తం వెనక్కి నెడితే గొంతు వెనక గాలి దారి ఇరుకవుతుంది, అందుకని పంచుకున్నాం అని సర్జన్ గారు బొమ్మ గీసి చూపించారు. ఎముకలను టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగించారు. అవి ఇంకా నాలోనే ఉన్నాయి.

రెండో రోజు, మూడో రోజు వాపు చూసి మా అమ్మ ఏడ్చింది. నొప్పి అనుకున్నంత లేదు, ముక్కులోంచి ఊపిరాడకపోవడమే నరకం. పైపళ్లకీ కిందిపళ్లకీ రబ్బరు బ్యాండ్లు బిగించారు. రెండు వారాలు అంతా ద్రవాలే, ఆరు వారాల దాకా నమిలేది ఏదీ లేదు. హార్లిక్స్, జ్యూసులు నాలుగు రోజులకే మొహం మొత్తాయి. నన్ను నిలబెట్టింది చోడి (రాగి) అంబలి. పల్చగా కాచి, వడగట్టి, మజ్జిగ కలిపి, పెద్ద సిరంజికి రబ్బరు గొట్టం తగిలించి పట్టేది అమ్మ. మధ్యాహ్నం పప్పుకట్టు, రాత్రి మెత్తటి గుజ్జన్నం మిక్సీలో తిప్పి. అయినా ఆరు కిలోలు తగ్గాను.

మూడో వారంలో పైడితల్లమ్మ జాతర పడింది. మేడ మీద నుంచి సిరిమాను, అదే పూజారిని పైన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, చూశాను. జనమంతా పూజారి మీదికి అరటిపళ్లు విసురుతుంటే, ప్రసాదంగా తెచ్చిన ఒక్క పండునీ చెంచాతో మెదిపి మింగడానికి నాకు అరగంట పట్టింది.

ఇక నష్టం ఖాతా. కింది పెదవి, గడ్డం మొద్దుబారాయి. ఐదారు నెలల్లో చాలావరకు స్పర్శ వచ్చింది. గడ్డం ఎడమ పక్క ఒక రూపాయి బిళ్లంత చోటు ఇప్పటికీ మొద్దే. అన్నం మెతుకు అంటుకున్నా తెలియదు, మా ఆయన సైగ చేస్తాడు. ఇది ముందే చెప్పారు, సంతకం పెట్టాను. మళ్లీ అదే నిర్ణయం తీసుకుంటావా అంటే, తీసుకుంటాను. ఇంకో రెండేళ్లు ముందు తీసుకునేదాన్ని. 20కే నా ఎదుగుదల ఆగిపోయింది, ఆ రెండేళ్లు ఊరికే పోయాయి.

ఉద్దానం_కొబ్బరి · జూన్ 7
చెల్లీ, నేను రాసిన మాటలు కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కొంచెమే.

గరివిడి_గని · జూన్ 8
ముందు క్లిప్పులు లేకుండా నేరుగా ఆపరేషన్ చేసి, తర్వాత పళ్లు సరిచేసే పద్ధతి ఉందని విన్నాను. అలాగైతే ఆ ఏడాదిన్నర బాధ ఉండదు కదా?

పీజీ_పిల్లోడు · జూన్ 8
ఉంది. సర్జరీ ఫస్ట్ అంటారు. క్లిప్పులు అంటించి కొద్ది వారాల్లోనే ఆపరేషన్ చేస్తారు, పళ్ల పని తర్వాత. ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు ఎముకలో మార్పు చురుగ్గా ఉంటుంది కాబట్టి పళ్లూ త్వరగా కదులుతాయి. మొహం మొదటే మారుతుంది. కానీ పళ్లు బాగా ఇరుకుగా, అడ్డదిడ్డంగా ఉన్నవాళ్లకు కుదరదు. దవడను పెట్టాల్సిన చోటు పళ్లను చూసి కాకుండా ముందే లెక్కగట్టాలి. అలవాటున్న జట్టు చేతిలోనే చేయించుకోవాలి. ఎదుగుదల ఆగాలన్న నియమం దీనికీ అంతే.

ఇంకో మాట. గడ్డం నేరుగా కాకుండా ఒక పక్కకు ఒరిగిపోతూ ఉంటే మాత్రం 18 నిండాయి, 20 నిండాయి అని ధీమాగా ఉండకండి. చెవి దగ్గరి కీలు తల ఒక పక్కే పెరుగుతూ ఉండొచ్చు. దానికి బోన్ స్కాన్ చేయించి ఇంకా చురుగ్గా ఉందో లేదో చూస్తారు.

ఆమదాలవలస_జంక్షన్ · జూన్ 9
స్పెయిన్ రాజు రెండో చార్లెస్ గుర్తొచ్చాడు. 1700లో చనిపోయాడు. హాబ్స్‌బర్గ్ వంశంలో తరతరాలుగా ఇదే దవడ, దగ్గరి చుట్టాల్లోనే చేసుకుని చేసుకుని ఆయన దగ్గరికి వచ్చేసరికి అన్నం కూడా సరిగ్గా నమలలేకపోయేవాడట. మావగారి గడ్డం అన్నారు కదా అక్కా, మేనరికాలు ఏమైనా...

నాగావళి_గట్టు · జూన్ 9
మాది మేనరికమే బాబూ. మావగారు నాకు సొంత మేనమామ. మా అమ్మమ్మ గడ్డం కూడా అదే. ఇంతవరకు ఎవరం లెక్క వేయలేదు.

పాలకొండ_మాస్టారు · జూన్ 10
డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. మా అమ్మాయికి చేయించాను కాబట్టి చెప్తున్నాను. క్లిప్పుల బిల్లు వేరు, ఆసుపత్రి బిల్లు వేరు. ఆసుపత్రి అంచనాలో ప్లేట్లు, మత్తు డాక్టరు ఫీజు కలిశాయా లేదా అని విడిగా అడగండి, మాకు ప్లేట్ల ఖర్చు చివర్లో తేలింది. ఇన్సూరెన్స్ వాళ్లు అందం కోసం అని ఒక కారణం, పళ్ల వైద్యం అని ఇంకో కారణం చూపించి తోసేస్తారు. నమలలేకపోవడం, మాట స్పష్టంగా రాకపోవడం, నిద్రలో ఊపిరి ఇబ్బంది ఏవి ఉంటే అవి డాక్టరు ఉత్తరంలో కొలతలతో సహా రాయించుకుని, ముందుగానే అనుమతి అడగండి. కార్డు మీద వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే తెలుస్తుంది. డెంటల్ కాలేజీల్లో క్లిప్పులు తక్కువలో అవుతాయి, మన చాపురం దగ్గర ఒకటుంది, సంగివలసలో ఒకటుంది. కాకపోతే రోజంతా పోతుంది.

క్లిప్పుల డాక్టరు, ఆపరేషన్ సర్జన్ ఇద్దరూ ఒకే రోజు ఒకే గదిలో కూర్చుని ప్లాన్ చెప్పేదాకా మేం ఒప్పుకోలేదు. ఒకరి కాగితం పట్టుకుని ఇంకొకరి దగ్గరికి తిరగడం మా వల్ల కాలేదు.

నాగావళి_గట్టు · జూలై 14
అందరికీ చెప్పకుండా మాయమైపోయాను, క్షమించండి. వైజాగ్ వెళ్లి సెఫలోగ్రామ్ తీయించాం. పై దవడ కాస్త వెనక, కిందిది బాగా ముందు అన్నారు. కొలతలు చూసి, క్లిప్పులతో దాచేంత తక్కువ తేడా కాదన్నారు. ఇప్పుడు క్లిప్పులు లేవు. పుచ్చిన పన్ను ఒకటి ఉంటే నింపారు, చిగుళ్లు శుభ్రం చేశారు. జనవరిలో ఇంకో ఎక్స్‌రే, ఆ తర్వాత మళ్లీ ఏడాదికి. తేడా ఆగాకే క్లిప్పులు. అంటే బహుశా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో. గోడ మీద గీతలు మొదలుపెట్టాం. ఊళ్లో డాక్టరు గారికి ఫోన్ చేసి ఇప్పుడు వద్దనుకుంటున్నామని మర్యాదగానే చెప్పాను.

వాడు రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న చెల్లి రాసింది మొత్తం చదివాడు. ఏదో అడగాలట.

నాగావళి_గట్టు · జూలై 14
అమ్మ ఫోన్‌లోంచి నేనే రాస్తున్నాను. సిరిమాను అక్కా, ఆపరేషన్ అయ్యాక మీ ఫ్రెండ్స్ మిమ్మల్ని గుర్తుపట్టారా? మీకు మీరు అద్దంలో వేరే మనిషిలా అనిపించారా?

సిరిమాను_చెల్లి · జూలై 15
మంచి ప్రశ్న తమ్ముడూ, నన్ను ఎవరూ అడగలేదు. నెల రోజులు మా పాలబ్బాయి నన్ను మా చెల్లి అనుకున్నాడు. ఫ్రెండ్స్ గుర్తుపట్టారు, ఏదో మారింది, ఏంటో చెప్పలేకపోయారు. ఇద్దరైతే కొత్తగా జుట్టు కత్తిరించుకున్నావా అన్నారు. నాకు నేను అలవాటు కావడానికే ఎక్కువ రోజులు పట్టింది. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది, ఆ ఏడాదిలో మొహం వారం వారం మారుతూ ఉంటుంది. ఫొటోకి చెయ్యి గడ్డం మీదికి వెళ్లే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. పెళ్లి ఆల్బమ్‌లో మూడు ఫొటోల్లో అలాగే ఉన్నాను.

ఇంకొకటి. నీకు 18 నిండాక సంతకం నీదే. అమ్మకోసమో, అమ్మాయిల కోసమో పెట్టకు.

నాగావళి_గట్టు · జూలై 15
సరే అక్కా. జనవరి ఎక్స్‌రే సంక్రాంతి సెలవుల్లో పెట్టించమని అమ్మకి చెప్పాను, అప్పుడైతే కాలేజీ పోదు. చోడి అంబలి నాకు పడదు, వేరే ఏమైనా ఉందా?

సిరిమాను_చెల్లి · జూలై 15
ఇంకా మూడేళ్లుంది కదా, ఈలోపు అలవాటు చేసుకో.